అమ్ములుకు, డిగ్రీ లెక్క గురించి

అమ్ములూ,

నువ్వు పంపిన స్ప్రెడ్‌షీట్ సైట్ ఆఫీసులో కూర్చుని చూశాను. ఏడాదిలో డజను క్లెప్ పరీక్షలు రాసి క్లాసులో కూర్చోకుండానే ఆ కోర్సుల క్రెడిట్లు తెచ్చుకోవడం, మిగతా ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో, మొత్తం రెండున్నరేళ్లలో పూర్తి! అమ్మకి టెన్షన్ పట్టుకుంది గానీ నాకు ఆలోచన నచ్చింది. డబ్బు లెక్క బాగానే వేశావు. టైము లెక్కే కుదరదు. ఫోన్‌లో చెబితే "సరే డాడీ" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. మనబడిలో నేర్చుకున్న తెలుగుకి ఇదో పరీక్ష అనుకో.

డిగ్రీ మొత్తం దాదాపు 120 క్రెడిట్లు. నువ్వు వాటిని కూడికలా చూశావు. ఇంజినీరింగ్‌లో కోర్సులు ఒకదాని వెనక ఒకటి క్యూలో ఉంటాయి. కాల్క్యులస్ వన్ అయితేగానీ టూ లేదు, టూ అయితేగానీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ లేవు. సర్క్యూట్స్ రాకుండా సిగ్నల్స్‌లోకి రానివ్వరు. ఆ తర్వాత ఎలక్ట్రోమాగ్నెటిక్స్, కంట్రోల్స్, ఆఖర్న డిజైన్ ప్రాజెక్టు. ఈ వరసే నాలుగేళ్లకి దగ్గరగా తీసుకుంటుంది. హిస్టరీ, గవర్నమెంటు లాంటి సబ్జెక్టులు క్లెప్‌లో కొట్టేస్తే ఫీజు తగ్గుతుంది, ఒక్కో సెమిస్టర్‌లో ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది. గ్రాడ్యుయేషన్ తేదీ మాత్రం పెద్దగా ముందుకు జరగదు.

ఇంకోటి. క్రెడిట్ ఇస్తామనడం వేరు, అది నీ డిగ్రీలో ఏ కోర్సుకి బదులుగా పడుతుందన్నది వేరు. సైకాలజీ, సోషియాలజీ, మార్కెటింగ్ అన్నీ పాసైనా ఇంజినీరింగ్‌లో వాటికి రెండు మూడు కుర్చీలే ఉంటాయి. మిగతావి ట్రాన్స్‌క్రిప్టులో ఊరికే పడుంటాయి. అందుకని ముందు యూనివర్సిటీ, తర్వాత దాని క్లెప్ పట్టిక, ఆ తర్వాతే పరీక్ష ఫీజు. మోడర్న్ స్టేట్స్ వాళ్ల ఉచిత కోర్సు పూర్తిచేస్తే ఫీజు వోచర్ కూడా ఇస్తారు, అది వదులుకోకు.

యూనివర్సిటీ విషయంలో నేను చూసేది ఒక్కటే, ఏబెట్ గుర్తింపు, అంటే ఇంజినీరింగ్ కోర్సు ప్రమాణాలకి తగ్గట్టుందని ఆ సంస్థ వేసే ముద్ర. నా బీటెక్‌ని ఇక్కడ అమెరికాలో సబ్జెక్టు సబ్జెక్టుగా విడదీసి తూచాకే నాకు పీఈ, అంటే ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సు, దారి దొరికింది, ఆ తిప్పలు నీకెందుకు? ఏబెట్ లెక్కలో గణితం, సైన్సు కలిపి కనీసం 30 క్రెడిట్లు, ఇంజినీరింగ్ సబ్జెక్టులు 45 ఉండాలి. ఆ 45లో క్లెప్ చేయగలిగింది ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో ఎలక్ట్రికల్‌కి అరిజోనా స్టేట్ ఉంది, నార్త్ డకోటా యూనివర్సిటీ ఉంది. డకోటా వాళ్లు ల్యాబుల కోసం వేసవిలో గ్రాండ్ ఫోర్క్స్‌లోని క్యాంపస్‌కి రమ్మంటారు. రమ్మననీ. ఆసిలోస్కోప్ ముందు నిలబడకుండా ఎలక్ట్రికల్ ఇంజినీరు అయ్యేదెలా? చలికాలంలో రమ్మనలేదు, సంతోషించు.

మీ పెదనాన్న ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో షిఫ్టులు చేస్తూ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్ల ఏఎంఐఈ పరీక్షలు రాశారు. సెక్షన్ ఏ, సెక్షన్ బీ, కాలేజీ గుమ్మం తొక్కకుండా. నైట్ డ్యూటీ దిగొచ్చి, స్నానం చేసి, టిఫిన్ కూడా తినకుండా మెషీన్స్ పుస్తకం ముందు కూర్చునేవారు. ఇంజినీరుగానే రిటైరయ్యారు. కాబట్టి పరీక్షలు రాసి ఇంజినీరు కావడం మన ఇంట్లో కొత్త కాదు. కానీ అదే ఏఎంఐఈకి బీటెక్‌తో సమానమన్న గుర్తింపు 2013 మే 31 లోపు చేరినవాళ్లకే. ఆ తర్వాత చేరినవాళ్లు అంతే కష్టపడ్డా కాగితం విలువ వేరు.

ఇక కాల్క్యులస్. వరసలో మొదటిది అదే కాబట్టి, నిజంగా టైము కలిసొచ్చే క్లెప్ అదొక్కటే. మొదటి భాగం 27 ప్రశ్నలు, 50 నిమిషాలు, కాల్క్యులేటర్ లేదు. 80కి 50 వస్తే చాలా చోట్ల క్రెడిట్ ఇస్తారు, కానీ 50తో కాల్క్యులస్ టూలోకి వెళ్తే నలిగిపోతావు. మొన్న శంకువు ట్యాంకులో నీటిమట్టం లెక్క చేశావు చూడు, ఎత్తు మారుతుంటే వ్యాసార్థం కూడా మారుతుందన్నది వదిలేసి డిఫరెన్షియేట్ చేసేశావు. అలాంటివి ఇంకా దొర్లుతున్నంత కాలం ఆ పరీక్ష జోలికి వెళ్లకు. టైమర్ పెట్టుకుని 27లో 22 నిలకడగా వస్తుంటే అప్పుడు రాయి. ఫెయిలైతే మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి, సెమిస్టర్ పోతుంది.

ఫిజిక్స్‌కి క్లెప్ లేనే లేదు. దానికి బదులు స్కూల్లోనే రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఫిజిక్స్ సీ మేలో ఉంటుంది, మీ స్కూల్‌లో నవంబరు మధ్యలోపే పేరు ఇవ్వాలి. మెకానిక్స్‌కి ఇవ్వు. ఎలక్ట్రిసిటీ కాలేజీలోనే చదువు, అది నీ వృత్తికి పునాది.

శనివారం ఇంటికొస్తాను. ఈలోపు రెండు యూనివర్సిటీల అడ్వైజర్లకీ మెయిల్ పెట్టి, ఏ పరీక్షకి ఏ కోర్సు నంబరు ఇస్తారో రాతపూర్వకంగా అడుగు. వాళ్ల జవాబులొచ్చాక స్ప్రెడ్‌షీట్‌లో సెమిస్టర్ల వరస కలిసి వేద్దాం. అమ్మతో నేను మాట్లాడతాలే.

డాడీ