ఫీజు పోతుందన్న బెంగే జ్వరంతో కూడా క్లబ్బుకి రప్పిస్తోంది

సంపాదకులకు,

కావలిలో మా కాలనీవాళ్లు కలిసి నడుపుకునే ఫిట్‌నెస్ క్లబ్బు గోడమీద ఈ వానాకాలం మొదట్లో ఒక కాగితం అంటించారు. ‘జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవారు దయచేసి రావద్దు’ అని. దాని పక్కన ఎప్పటినుంచో ఉన్న కాగితం ఇంకోటి: ‘కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు. రాని రోజులు వచ్చే నెలలో కలపబడవు.’ రెండూ చదివిన మనిషి ఏ కాగితం మాట వింటాడో చెప్పడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. మూడు నెలలకి ఒకేసారి కట్టినవాళ్లు పారాసిటమాల్ మింగి మరీ వస్తున్నారు. ఇది చాలదన్నట్టు, నెలంతా నాగా లేకుండా వచ్చినవాళ్లకి టీషర్టు బహుమతి కూడా పెట్టారు.

నేను ఏఎన్‌ఎంగా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైనదాన్ని. అల్లూరు, బోగోలు, జలదంకి మండలాల్లో ఊళ్లు పట్టుకు తిరిగిన మోకాళ్లు ఇప్పుడు మొరాయిస్తుంటే, తొడ కండరాలు గట్టిపడాలని డాక్టరు చెప్పబట్టి ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరాను. క్లబ్బు మూయించాలని ఈ ఉత్తరం రాయడం లేదు. షుగరు, బీపీ ఉన్న ఆడవాళ్లు రోజుకో గంట ఇల్లు వదిలి తమ ఒంటికోసం వస్తున్నారంటే అంతకన్నా ఏం కావాలి? అక్కడ జబ్బు పంచుకోకుండా ఉంటే చాలు.

ముందు గాలి సంగతి. సాయంత్రం మా బ్యాచ్ సినిమా పాటలకి జుంబా అనే డ్యాన్సు వ్యాయామం చేస్తుంది. ఏసీ వేస్తారు కాబట్టి కిటికీలన్నీ బిగిస్తారు. గోడకి బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. గట్టిగా రొప్పుతున్నప్పుడు మనం వదిలే తుంపరలు మామూలుకన్నా ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని చెయోనాన్ నగరంలో డ్యాన్సు వ్యాయామం నేర్పే శిక్షకులు ఒక వర్క్‌షాపులో కలిసి కరోనా తగిలించుకున్నారు. వాళ్ల క్లాసులతో ముడిపడి 12 వ్యాయామ కేంద్రాల్లో 112 మందికి సోకిందని అక్కడి డాక్టర్లు లెక్క తేల్చారు. అదే శిక్షకుల్లో ఒకరు ఏడెనిమిది మందికి నెమ్మదిగా యోగా, పిలాటిస్ నేర్పిన క్లాసుల్లో మాత్రం ఎవరికీ రాలేదు. కరోనా కథ ఇప్పుడెందుకమ్మా అంటారేమో. రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చిలో మన నెల్లూరులోనే తేలింది, ఆ రోజుల్లో మేం పడిన టెన్షన్ మాకు తెలుసు. ఫ్లూ అయినా మామూలు దగ్గయినా పాకే దారి అదే. తుమ్మలపెంట వైపునుంచి సాయంత్రం సముద్రపు గాలి ఊరికే వస్తుంటే, కరెంటు బిల్లు కట్టి మరీ దాన్ని బయట ఆపడం నాకు అర్థం కాదు. జుంబా సాగినంతసేపూ రెండు వైపులా కిటికీలు తీసి ఫ్యాన్లు వేస్తే చాలు. చెమట పట్టడానికే కదా వచ్చింది!

తామర గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. నడుం దగ్గర, గజ్జల్లో, చంకల్లో గుండ్రంగా ఎర్రటి మచ్చ, అంచు పొంగి, విపరీతమైన దురద. మా బ్యాచ్‌లో ఒకమ్మాయిని అడిగితే “ఏం లేదక్కా, చెమటకాయలు” అంది. చెమటకాయలు గుండ్రంగా అంచు కట్టి పెరగవు. తామర తెచ్చే ఫంగస్ రాలిన చర్మపు పొట్టులో నెలల తరబడి బతికి ఉండగలదు. ఒకరు పడుకున్న మ్యాటుమీద ఇంకొకరు పడుకుంటే, ఒకరి టవల్‌తో ఇంకొకరు మొహం తుడుచుకుంటే అంటుకుంటుంది. అక్కణ్ణుంచి ఇంటికెళ్లి పిల్లలకీ భర్తకీ పాకుతుంది.

అసలు తంటా మందుల షాపులో మొదలవుతుంది. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్లరు. షాపులో దురదకి క్రీమ్ అడిగితే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెడతారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గి, దురద పోయి, ‘బ్రహ్మాండమైన మందు’ అనిపిస్తుంది. లోపల ఫంగస్‌కి మాత్రం దారి సుగమం అవుతుంది. పూయడం మానగానే రెండింతలై తిరిగొస్తుంది. అలాగే పూస్తూ పోతే చర్మం పలచబడి చారలు పడతాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. షాపుల్లో చీటీ అడిగేవాళ్లు ఎందరో మీరే చూడండి. తామరకి సరైన మందు వారాలపాటు వాడాలి, మచ్చ కనపడకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు పూయాలి. బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి, ఇంట్లో ఎవరికుంటే వాళ్లందరికీ ఒకేసారి వైద్యం జరగాలి. మందు మొదలుపెట్టి మచ్చలు అదుపులోకి వచ్చేదాకా క్లబ్బు మ్యాటు వాడకుండా ఇంటిదగ్గర నడిస్తే సరిపోతుంది.

శుభ్రం మాటకొస్తే, కరోనా తర్వాత తలుపులు తెరిచిన రోజుల్లో ప్రతి యంత్రం పక్కనా స్ప్రే సీసా ఉండేది. ఇప్పుడు ఒక్కటే ఉంది, దాని మూత తిరగదు. పొద్దున తుడిచే మనిషి ఒకే గుడ్డతో బెంచీలు, డంబెల్స్, ట్రెడ్‌మిల్ పిడి అన్నీ తుడుచుకుంటూ పోతుంది. మురికి పోవడం అటుంచి, ఒకచోటిది ఇంకోచోటికి చేరుతోంది. తప్పు ఆమెది కాదు, రెండో గుడ్డ ఎవరూ ఇవ్వలేదు. రెక్సిన్ బెంచీలకీ మ్యాట్లకీ సబ్బునీళ్లు చాలు, తర్వాత బాగా ఆరాలి. ఇనుప సామాన్లు తుడిచాక స్పిరిట్ కొట్టి ఒక నిమిషం తడిగా వదిలేయాలి. కొట్టిన వెంటనే తుడిచేస్తే కొట్టిందంతా దండగ. బ్లీచింగ్ నీళ్లు నేలకీ బాత్రూముకీ మాత్రమే, డంబెల్స్‌కి తగిలితే తుప్పు పడతాయి. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్ ఎప్పుడూ కలపకూడదు, ఆ పొగ ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. చినిగిన రెక్సిన్‌లోంచి స్పాంజి బయటికొచ్చిన బెంచీ మా దగ్గర ఒకటుంది. దాన్ని ఏ మందూ శుభ్రం చేయలేదు, ఎన్నేళ్ల చెమట తాగిందో అది. ఆటో సీట్లు కుట్టేవాళ్లకి ఇస్తే కొత్త గుడ్డ వేసిస్తారు.

మంచినీళ్ల క్యాన్ దగ్గర గొలుసు కట్టిన ఒకే స్టీలు గ్లాసు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవాలి.

వెనక దొడ్లో మగపిల్లలు సుత్తితో కొట్టే ట్రాక్టర్ టైరు ఒకటి పడి ఉంది. వానొచ్చిన ప్రతిసారీ దాంట్లో నీళ్లు నిలుస్తాయి. శుక్రవారం డ్రై డే పేరుతో ఇళ్ల వెనక కుండలు, టైర్లు బోర్లించుకుంటూ ఉద్యోగం చేసిన నాకు దాన్ని చూస్తే చేతులు దురదపెడతాయి. వారం పది రోజులు కదలకపోతే ఆ నీళ్లలో డెంగీ దోమ పుట్టి ఎగిరిపోతుంది. అది పగలు కుట్టే దోమ, క్లబ్బులో ఎవరినీ వదలదు. టైరుకి నాలుగు కన్నాలు పొడిస్తే నీళ్లు నిలవవు.

ఇవన్నీ కమిటీవాళ్లు వింటారు, కొన్ని చేస్తారు కూడా. ఫీజు మాటెత్తితేనే మొహాలు మారుతున్నాయి. జబ్బుచేసి రాని రోజుల్ని చివర్లో కలపమని అడిగితే, “అందరూ అబద్ధాలు చెప్తారు మేడమ్” అన్నారు. చెప్పనివ్వండి. నలుగురు అబద్ధం చెప్పి నాలుగు రోజులు ఎక్కువ చేసుకుంటే క్లబ్బుకి వచ్చే నష్టమెంత? ఒక్కరు ఫ్లూతో వచ్చి బ్యాచ్‌లో సగాన్ని మంచాన పడేస్తే వచ్చే నష్టమెంత? డాక్టరు చీటీ తెమ్మని కూడా అడగొద్దు. డాక్టరు ఫీజు క్లబ్బు వారం ఫీజుకన్నా ఎక్కువైనప్పుడు జనం చీటీకి వెళ్లరు, తిన్నగా క్లబ్బుకే వస్తారు. ఫోన్‌లో ఒక మెసేజ్ పెడితే చాలనండి. మాత్ర వేసుకోకుండా జ్వరం తగ్గి పూర్తిగా ఒక రోజు గడిచాకే రావాలని గట్టిగా చెప్పండి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రికి పంపండి, టీబీ ఉందేమో చూసే కఫం పరీక్ష అక్కడ ఉచితం.

ఒక్క మా క్లబ్బే కాదు. నెల్లూరులో, ఒంగోలులో, కందుకూరులో వీధి వీధికీ ఇలాంటివి వెలిశాయి. చాలాచోట్ల ఇవే నియమాలు. లైసెన్సు రెన్యువల్‌కి వెళ్లేచోట అగ్నిమాపక పరికరాలు అడిగినట్టే, కిటికీలు తెరుచుకుంటాయా, చేతులు కడుక్కోవడానికి సబ్బుందా అని మునిసిపాలిటీవాళ్లు అడగొచ్చు.

ఆ టీషర్టు బహుమతి మాత్రం ఈ నెలే ఆపేయాలని మా కమిటీకి మీ పత్రిక ద్వారా కూడా చెప్తున్నాను. ఇప్పటికే అచ్చు వేయించేసి ఉంటే, వాడిన మ్యాటు తుడిచి పెట్టేవాళ్లకి ఇవ్వండి.

— ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్, కావలి, నెల్లూరు జిల్లా