హబ్బుకు పంచ్ కొట్టి బండిని పంపకండి

సంపాదకులకు నమస్కారం.

నేను మిర్యాలగూడలో 28 ఏళ్లుగా లారీల హబ్ పనే చేస్తున్నాను. చక్రం నడుమ, బేరింగుల మీద తిరిగే భాగమే హబ్బు. వడ్ల సీజన్ మొదలైతే మా షెడ్డు ముందు నిలబడే చోటు ఉండదు. ఈ వానాకాలం పంట మిల్లులకు రాకముందే ఈ ఉత్తరం వేస్తే మేలు చేసినవారవుతారు.

పోయిన నెల ఒక పాత ఆరు చక్రాల లారీ వచ్చింది. ఓనరు చిన్న వయసువాడు, బండి తనే నడుపుకుంటాడు. ముందు చక్రాలకు వెడల్పు డిస్కులు (టైరు ఎక్కే ఇనుప చక్రాలు), పెద్ద టైర్లు వేయించాడు. అవి లోపల రాసుకోకుండా హబ్బుకూ డిస్కుకూ మధ్య 2 అంగుళాల స్పేసర్లు పెట్టించాడు. "అన్నా, కుడి చక్రం గుయ్యిమంటున్నది. నార్కట్‌పల్లిల ఆపి చెయ్యి పెడితే కాలింది" అన్నాడు.

జాకీ ఎత్తి, మూత తీసి, చెక్‌నట్టు విప్పి హబ్బు లాగాను. గ్రీజు పాలు పోసిన చాయ్ రంగులో ఉంది. సీలు పోయి నీళ్లు చేరాయన్నమాట. బయటి బేరింగు రోలర్ల మీద పెచ్చులు లేచాయి. అదేం కొత్త కాదు, రోజూ చూసేదే. కప్పు, అంటే హబ్బులో బిగుసుకుని ఉండే బేరింగు బయటి రింగు, తీద్దామని ఇత్తడి రాడ్డు, సుత్తి తెచ్చుకున్నాను. వాటితో పని పడలేదు. బొటనవేలితో నెడితే కప్పు చేతిలోకి వచ్చేసింది. దాని వీపు అద్దంలా మెరుస్తున్నది. హబ్బు లోపల చుట్టూ, మొనదేలిన పంచ్‌ను సుత్తితో కొట్టి చేసిన గుంటలు, ఇరవైకి పైనే.

కప్పు హబ్బుతో కలిసి తిరగాలి కానీ హబ్బులో తిరగకూడదు. అది వదులైందని హబ్బు లోపల పంచ్ కొడతారు. కొందరు రేకు ముక్క చుట్టి దించుతారు. గుంటల అంచులు లేచి కప్పును పట్టుకుంటాయి కాబట్టి షెడ్డు దాటేదాకా గట్టిగానే ఉంటుంది. లోడు పడ్డాక ఆ మొనలు నలిగిపోతాయి. కప్పు మళ్లీ తిరగడం మొదలుపెట్టి హబ్బును తింటుంది. ఆ ఇనుప పొడి గ్రీజులో కలిసి రోలర్లను తింటుంది. పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రీ కొట్టమంటే నేనూ కొట్టాను. ఆ బండ్లు గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఈ బండికి స్పేసరు ఇంకో దెబ్బ. కంపెనీవాళ్లు లోపల పెద్ద బేరింగు, బయట చిన్న బేరింగు ఊరికే పెట్టలేదు. బరువు ఎక్కువగా పెద్దదాని మీద పడేలా చక్రాన్ని కూర్చోబెడతారు. చక్రాన్ని 2 అంగుళాలు బయటికి జరిపితే ఆ బరువు చిన్నదాని మీదికి వస్తుంది. రోలర్ బేరింగు మీద బరువు 20 శాతం పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. రెట్టింపైతే మిగిలేది పదో వంతే. కొత్త బేరింగు వేసి నెల కాలేదు, అప్పుడే పోయిందని షాపువాడిని తిట్టే ఓనర్లు ఒకసారి తమ చక్రాలు చూసుకోవాలి.

హబ్బు తిన్నదంటే మార్చడమే మంచిది. కాదంటే లేత్ మీద కోసి రింగు లాంటి బుష్ ఎక్కించి మళ్లీ సైజుకు తేవాలి. కప్పులు కూర్చునే బోరు రెండు వైపులా ఒకే సెట్టింగులో కొయ్యాలి, లేకపోతే రెండు కప్పులూ ఒక వరసలో కూర్చోవు. పాత కప్పులో కొత్త కోను (రోలర్లు ఉండే బేరింగు లోపలి భాగం) వెయ్యొద్దు. బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించి, నట్టు కొంచెం వెనక్కి తిప్పి, డయల్ గేజితో ప్లే, అంటే హబ్బు లోపలికీ బయటికీ ఎంత కదులుతుందో, చూడాలి. అది మిల్లీమీటరులో పదో వంతు అటూఇటుగా మించకూడదు. నాకు తెలిసిన షెడ్లలో రెండింట్లోనే గేజి ఉంది. మిగతావాళ్లది చేతి అంచనా.

రవాణా శాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్నది. ఫిట్‌నెస్‌కు వచ్చిన లారీ ముందు చక్రాలు జాకీ మీద లేపించి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. స్పేసరు కనిపిస్తే తీయించండి. బండికి పది నిమిషాలు పడుతుంది. ఐటీఐ పిల్లలకు కూడా పెద్ద బండి హబ్బు ఒకటి విప్పి చూపిస్తే బాగుంటుంది.

ఆ అబ్బాయికి హబ్బు మార్చాలని చెప్పాను. "కిస్తీ దగ్గరకొచ్చింది అన్నా, ఈ ఒక్క ట్రిప్పుకు పంచ్ కొట్టియ్యి" అని బతిమాలాడు. నేను కొట్టలేదు. ఎక్కడ కొట్టించుకున్నాడో, మూడో రోజు అదే బండి సిమెంటు లోడుతో వాడపల్లి రోడ్డు మీద కనిపించింది. స్పేసర్లు అలాగే ఉన్నాయి. ఈ ఉత్తరం అతని కంట పడితే బండి తీసుకుని మా షెడ్డుకు రమ్మని అడుగుతున్నాను. లేత్ డబ్బులు పంట లోడ్లు అయ్యాక ఇవ్వొచ్చు.

– ఒక లారీ మెకానిక్, మిర్యాలగూడ, నల్గొండ జిల్లా