బ్రాంచి రాసుకునే ముందు ఒక్క ప్రాజెక్టయినా చేయనివ్వండి

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ విద్యా పేజీలో ఏ ర్యాంకుకు ఏ మెడికల్ పీజీ బ్రాంచి వస్తుందో పెద్ద పట్టిక వేశారు. ఆ బ్రాంచిలో చేరాక రోజంతా చేసే పనేమిటో మాత్రం ఎక్కడా రాయలేదు. రేడియాలజీ కావాలనే పిల్లల్లో, చీకటి గదిలో వరసగా స్కాన్లు చూసి రిపోర్టులు ఇవ్వడం ఎలా ఉంటుందో ముందే చూసినవాళ్లు ఎందరు?

చూసే దారి ఎంబీబీఎస్‌లోనే ఉంది. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 1979 నుంచి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. రెండు నెలల ప్రాజెక్టు, స్టైపెండు కూడా. 2019లో వచ్చిన కొత్త కరిక్యులమ్‌లో ఎలెక్టివ్స్ (విద్యార్థి తనకు నచ్చింది ఎంచుకుని పనిచేసే రోజులు) పెట్టిందీ ఇందుకే. ల్యాబులోనో, నడుస్తున్న పరిశోధనలోనో చేరొచ్చని అందులో స్పష్టంగా ఉంది. చాలాచోట్ల అది లాగ్‌బుక్కులో సంతకాలతో సరిపోతోంది. పిల్లలు ఆ రోజుల్లో కోచింగ్‌కు పోతున్నారు. పీజీ సీట్లకు పెట్టే నీట్ పీజీ పరీక్ష 800 మార్కుల్లో పరిశోధనకు ఒక్క మార్కూ లేనప్పుడు వాళ్లననేదేముంది?

ప్రాజెక్టుకు పూనుకున్నవాళ్లకూ మొదటి దెబ్బ శాంపిల్ సైజు (ఎంతమందిని పరిశీలించాలనే లెక్క) దగ్గరే. జబ్బు నూటికి 20 మందిలో ఉంటుందనుకుని, 5 శాతం అటూ ఇటూగా లెక్క కడితే 256 మంది కావాలి. రెండు నెలల ఓపీలో ఒక్క విద్యార్థి అంతమందిని పట్టుకోలేడు. 10 శాతానికి ఒప్పుకుంటే 64 మంది చాలు. అంచనా వదులవుతుంది, పని మాత్రం పూర్తవుతుంది. పాత కేసు షీట్ల మీద చేసేవాళ్ల తిప్పలు ఇంకోరకం. రికార్డు గదిలో కట్టలు విప్పాక, కావలసిన హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) గడి షీటు తర్వాత షీటులో ఖాళీగా కనిపిస్తుంది. టాపిక్ ఖాయం చేయకముందే ఓ ఇరవై షీట్లు తీసి చూసుకోవాలి. కన్సెంట్ ఫారం (సమ్మతి పత్రం) రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. చదువురానివాళ్లయితే వేలిముద్రతోపాటు సాక్షి సంతకమూ కావాలి. ఇవి లేకపోతే పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ తిప్పి పంపుతుంది.

ఆ కమిటీయే మూడు నెలలకోసారి కూర్చుంటే రెండు నెలల ప్రాజెక్టు ఎప్పుడు మొదలుపెట్టాలి? అధ్యాపకుల ప్రమోషన్లకు పరిశోధన పేపర్లు అవసరమయ్యాక, కట్టలు మోసి డేటా ఎక్కించిన విద్యార్థి పేరు వెనక్కి పోతోంది, ఒక్కోసారి అసలుండదు. అది దొంగతనమే. ఇన్‌స్పెక్షన్లకు వచ్చేవాళ్లు ఎంతసేపూ హాజరు పట్టీలు తిరగేస్తారు గానీ దీని గురించి ఒక్కరూ అడగరు.

కమిటీ సమావేశాల తేదీలు ఏడాది మొదట్లోనే నోటీసు బోర్డులో పెట్టాలి. ఏ గైడు దగ్గర ఏ పని నడుస్తోందో పక్కనే రాయాలి. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు. పీజీలో చేరాక మనసు మారి సీటు వదిలితే మాత్రం కట్టాల్సిన జరిమానా లక్షల్లో ఉంటుంది.

— ఎస్పీఎం (సామాజిక వైద్య విభాగం) అధ్యాపకుడు, వరంగల్