లెన్సు కొనే ముందు దూరం లెక్క చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం మొదలైనప్పటి నుంచి మీ పత్రిక జిల్లా పేజీల్లో కొల్లేరు, పులికాట్, నేలపట్టు పక్షుల చిత్రాలు తరచుగా కనిపిస్తున్నాయి. పాఠకులు పంపిన ఫోటోలకు కూడా మీరు చోటు ఇవ్వడం సంతోషకరం. వాటిని చూసి తామూ కెమెరా పట్టాలని ఉత్సాహపడుతున్న విద్యార్థులు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు మా ఊళ్లోనే ఎందరో ఉన్నారు. వారంతా దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న, పక్షులకు ఎన్ని ఎం.ఎం. లెన్సు కావాలని. చేతిలో డబ్బు ఎంత ఉంటే అంత పెద్దది తీసుకోండన్నదే వారికి ఎక్కువగా దొరికే జవాబు. ఈ జవాబు నమ్మి అప్పు చేసి మరీ లెన్సు కొని, ఏడాది తిరగకముందే దాన్ని బీరువాలో పెట్టేసిన వారిని చూసి బాధ కలిగి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొల్లేటి చుట్టుపక్కల ఏళ్ల తరబడి పక్షులను చూస్తూ, ఫోటోలు తీస్తూ ఉన్నందువల్ల నాకు తెలిసిన నాలుగు విషయాలు మీ పాఠకులకు ఉపయోగపడతాయని నమ్ముతున్నాను.

మొదట అడగవలసింది ఎన్ని ఎం.ఎం. అని కాదు, ఏ పక్షిని, ఎంత దూరం నుంచి తీయబోతున్నామని. కెమెరాలో బొమ్మ పడే పలక అయిన సెన్సర్ మీద పక్షి బొమ్మ ఎంత పెద్దదిగా పడుతుందో తెలుసుకోవడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. పక్షి పొడవును లెన్సు ఎం.ఎం. అంకెతో, అంటే దాని ఫోకల్ లెంగ్త్‌తో హెచ్చించి, మనకూ పక్షికీ మధ్య ఉన్న దూరంతో (అన్నీ మిల్లీమీటర్లలోనే) భాగిస్తే చాలు. గూడబాతు పొడవు సుమారు 140 సెంటీమీటర్లు. అది 60 మీటర్ల దూరంలో ఉన్నా 400 ఎం.ఎం. లెన్సుతో తీస్తే దాని బొమ్మ సెన్సర్ మీద 9 మిల్లీమీటర్లకు పైగా వస్తుంది. మధ్యతరగతి వారు ఎక్కువగా కొనే, చిన్న సెన్సర్ ఉన్న క్రాప్ సెన్సర్ కెమెరాలో సెన్సర్ ఎత్తు 15 మిల్లీమీటర్లకు కొంచెం అటూఇటూగా ఉంటుంది కనుక, ఫ్రేములో సగానికి పైగా పక్షే నిండుతుంది. అదే 10 సెంటీమీటర్ల తేనెపిట్టను 20 మీటర్ల నుంచి 600 ఎం.ఎం. లెన్సుతో తీసినా బొమ్మ 3 మిల్లీమీటర్లకు మించదు. ఆ తేనెపిట్ట పెరటి మందార చెట్టుకు వచ్చే వేళ చూసుకుని 8 మీటర్ల దూరంలో కదలకుండా కూర్చున్నవారికి 400 ఎం.ఎం. లెన్సుతోనే 5 మిల్లీమీటర్ల బొమ్మ దొరుకుతుంది. దూరం సగానికి తగ్గితే ఫోకల్ లెంగ్త్ రెట్టింపు అయినంత ఫలితం వస్తుందన్న ఈ ఒక్క సంగతి కొనేవారందరికీ ముందే తెలిస్తే ఎన్నో లక్షల రూపాయలు మిగిలేవి.

అందువల్ల మన ప్రాంతంలో ఎక్కడికి వెళ్తారన్న దాన్ని బట్టి లెన్సు మారుతుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఊరి మనుషులకు అలవాటు పడి ఉంటాయి. అక్కడికి 400 ఎం.ఎం. ధారాళంగా సరిపోతుంది. పులికాట్ సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడి చూస్తే రాజహంసలు బురదనీటిలో చాలా దూరాన కనిపిస్తాయి. అంత దూరంలో ఉన్న ఒక్క పక్షి ముఖాన్ని 800 ఎం.ఎం. కూడా దగ్గరకు తీసుకురాలేదు. ఆ నీటినీ ఆకాశాన్నీ కలుపుకుని గుంపు మొత్తాన్ని 200 లేదా 300 ఎం.ఎం.తో తీసిన చిత్రమే అక్కడ అందంగా వస్తుందని నా అభిప్రాయం. వికారాబాద్ అనంతగిరి గుట్టల వంటి చోట్ల, చెట్ల నీడలో, కొమ్మల మధ్య తిరిగే చిన్న పిట్టలకు మాత్రం 500, 600 ఎం.ఎం. నిజంగా అవసరం పడుతుంది.

ఎక్కువ ఎం.ఎం. ఎప్పుడూ మేలే చేస్తుందని అనుకోవడం కూడా సరికాదు. కైకలూరు దగ్గర ఆటపాకలో పడవ ఎక్కి, అటవీ శాఖ అమర్చిన ఇనుప స్టాండ్ల మీద కూర్చున్న గూడబాతులను తీస్తున్నారనుకుందాం. పక్షి 30 మీటర్ల దూరంలో ఉంది. క్రాప్ సెన్సర్ కెమెరాకు 600 ఎం.ఎం. పెడితే ఆ దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు 120 సెంటీమీటర్ల లోపే. కూర్చున్నంత సేపూ ఇబ్బంది లేదు. అది రెక్కలు విప్పి లేచిన క్షణాన, రెండు మీటర్లకు పైన ఉండే ఆ రెక్కల విస్తారంలో సుమారు సగమే ఫోటోలోకి వస్తుంది. అప్పటికప్పుడు జూమ్‌ను 200కు తిప్పగలిగితే వెడల్పు మూడున్నర మీటర్లకు పెరిగి పక్షి మొత్తం పడుతుంది. కొత్తవారికి ఎం.ఎం. మారని ప్రైమ్ లెన్సు కంటే ఎం.ఎం. మార్చుకోగల జూమ్ లెన్సు మేలని నేను చెప్పడానికి ఇదే ప్రధాన కారణం. ఎగిరే పక్షిని వెతికి పట్టుకోవడానికి కూడా మొదట తక్కువ ఎం.ఎం.లో చూసి, ఫ్రేములోకి వచ్చాక జూమ్ చేయడమే సులువు, 600 ఎం.ఎం. వద్ద కెమెరా చూపు క్రాప్ సెన్సర్‌లో రెండు డిగ్రీలకు కాస్త ఎక్కువ మాత్రమే.

ఈ లెక్కలన్నీ చూసుకున్నాక చాలామందికి సరిపడేవి 150–600 లేదా 200–600 తరహా జూమ్‌లే. సిగ్మా, టామ్రాన్ కంపెనీల 150–600లు, నికాన్ వారి, లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌లకు 2015లో వచ్చిన 200–500, సోనీ 2019లో తెచ్చిన 200–600, నికాన్ వారి, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు 2023లో వచ్చిన 180–600 ఈ కోవలోనివే. వీటిలో చాలావరకు రెండు కిలోలకు అటూఇటూగా తూగుతాయి. దీనికి కెమెరా బరువు కలిపితే దాదాపు మూడు కిలోలు. దుకాణం కౌంటరు ముందు రెండు నిమిషాలు ఎత్తి చూసినప్పుడు ఆ బరువు తెలియదు. చెరువు గట్టు మీద గంటసేపు మెడకు వేలాడినప్పుడు తెలుస్తుంది. చేయి అలసి వణికితే ఎంత మంచి గాజు అయినా ఫోటో మసకబారుతుంది. పడవలో ట్రైపాడ్ పనికిరాదు, ఎందుకంటే ఇంజను అదురు నేరుగా దాని కాళ్ల ద్వారా కెమెరాకు ఎక్కుతుంది. కారులోంచి తీసేవారు మాత్రం బియ్యమో జొన్నలో నింపి కుట్టిన గుడ్డ సంచిని కిటికీ మీద వేసుకుని లెన్సును దాని మీద ఆనిస్తే ఖరీదైన స్టాండ్లు ఏవీ అక్కర్లేదు.

భుజాల నొప్పి, నడుం నొప్పి ఉన్న పెద్దలు బరువునే మొదటి ప్రమాణంగా పెట్టుకోవాలని నా మనవి. కానన్ 100–500 లెన్సు ట్రైపాడ్ పట్టీ లేకుండా కిలోన్నర లోపే ఉంటుంది. 2020లో అదే కంపెనీ తెచ్చిన 600 ఎం.ఎం. ఎఫ్ 11 లెన్సు కిలో కూడా లేదు. కానీ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఎఫ్ 11 అంటే ఎఫ్ 5.6తో పోలిస్తే సెన్సర్‌కు చేరే వెలుతురు నాలుగో వంతే. కొల్లేరు మీద ఎండ పరచుకున్న వేళ ఇది పెద్ద లోటు కాదు. తెల్లవారుజామున, మబ్బు పట్టిన రోజున, అడవి నీడలో మాత్రం వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి అయిన ఐఎస్ఓ బాగా పెంచవలసి వచ్చి ఈకల మీది సన్నని గీతలు గరుకుదనంలో కలిసిపోతాయి. పైగా 600 ఎఫ్ 11 నాలుగున్నర మీటర్ల కంటే దగ్గరున్న దానికి ఫోకస్ కాదు, కనుక బాల్కనీలో దానిమ్మ కొమ్మ మీద వాలే పిట్టకు అది నప్పదు. కానన్ డీఎస్ఎల్ఆర్ 100–400 రెండో తరం లెన్సు ఒక మీటరు దూరానికే ఫోకస్ అవుతుంది. పక్షులతో పాటు సీతాకోకచిలుకలనూ తీయాలనుకునేవారికి అది చాలా మంచి ఎంపిక. కనీస ఫోకస్ దూరం అనే ఈ అంకె ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించదు. కొనేవారే అడిగి తెలుసుకోవాలి.

లెన్సులో ఉండే స్టెబిలైజేషన్ మన చేతి వణుకును మాత్రమే ఆపుతుంది, పక్షి కదలికను ఆపదు. ఎగిరే పక్షికి షట్టర్ వేగం కనీసం సెకనులో వెయ్యో వంతు, లకుముకి పిట్ట నీటిలోకి దూకే క్షణానికైతే అంతకు రెట్టింపు వేగం ఉండాలి. అలాగే లెన్సుకూ కెమెరాకూ మధ్య అమర్చి ఎం.ఎం. పెంచే టెలికన్వర్టర్ పెడితే సరిపోతుందన్న సలహాను నమ్మి తొందరపడకూడదు. 1.4 రెట్ల కన్వర్టర్ వెలుతురును సగానికి తగ్గిస్తుంది, ఎఫ్ 6.3 లెన్సు ఎఫ్ 9 అవుతుంది. ఎఫ్ 8 దాటితే పాత డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటికి ఆటోఫోకస్ సరిగా పనిచేయదు.

ఎన్ని లక్షలు పోసినా ఏ లెన్సూ గెలవలేని ఒక అడ్డంకి మన ప్రాంతంలో ఉంది. ఎండ ఎక్కేకొద్దీ నీటి మీది, గట్టు మీది, తారు రోడ్డు మీది గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది. దాని గుండా చూసిన దూరపు పక్షి అంచులు కరిగినట్టు వస్తాయి. తమ లెన్సులో లోపముందని దుకాణానికి తిరిగి వెళ్లేవారిలో కొందరి ఇబ్బంది నిజానికి ఈ వేడిగాలే. పది లక్షల రూపాయలకు పైబడిన 600 ఎం.ఎం. ఎఫ్ 4 లెన్సు కూడా ఇక్కడ ఏమీ చేయలేదు. సూర్యోదయం తరువాతి రెండు గంటల్లో, తక్కువ దూరంలో తీయడమే దీనికి మందు.

కొత్త లెన్సు కొనే స్తోమత లేనివారు వాడినదాన్ని కొనడానికి సంకోచించనక్కర్లేదు. చాలామంది మిర్రర్‌లెస్ కెమెరాలకు మారుతుండడంతో మంచి డీఎస్ఎల్ఆర్ లెన్సులు సగం ధరకు దగ్గరగా దొరుకుతున్నాయి. అయితే మన కోస్తా తేమలో ముందు చూడవలసింది బూజు. లెన్సు రెండు మూతలూ తీసి, వెలుతురు వచ్చే లోపలి రంధ్రాన్ని (అపర్చర్) పూర్తిగా తెరిచి, ఒకవైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి మరోవైపు నుంచి ఏటవాలుగా చూడాలి. ధూళి రేణువులు చుక్కలుగా కనిపిస్తాయి, వాటితో భయం లేదు. సాలెగూటి పోగుల్లా కొమ్మలు కొమ్మలుగా సాగిన తెల్లని నూలు గాజు అంచు నుంచి లోపలికి పాకి ఉంటే అది బూజు. ఆ లెన్సును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదు. తరువాత జూమ్ రింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి ఎక్కడైనా బిగుస్తోందేమో చూడాలి, దగ్గరి వస్తువు మీద ఒకసారి, దూరపు తీగ మీద ఒకసారి ఆటోఫోకస్ పరీక్షించాలి. ఇంటికి తెచ్చాక బీరువాలో బట్టల మధ్య కాకుండా సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టి, ఆ పొట్లాలను వానాకాలంలో తరచుగా మారుస్తుండాలి.

ఇక నా మనసును అన్నింటికంటే ఎక్కువగా కలవరపెడుతున్న విషయం. తమ లెన్సు చాలదని తేలినప్పుడు కొందరు ఆ కొరతను కాళ్లతో తీర్చుకోవాలని చూస్తున్నారు. గూళ్లున్న చెట్ల కిందికి వెళ్లడం, పక్షి లేచి ఎగిరితే మంచి ఫోటో వస్తుందని గట్టిగా చప్పట్లు కొట్టడం, పడవను ఇంకా దగ్గరకు పోనివ్వమని నడిపేవారిని ఒత్తిడి చేయడం నేను కళ్లారా చూశాను. గూటిలో పిల్లలున్న కొంగ ఎండవేళ తన రెక్కలను గొడుగులా విప్పి వాటికి నీడ పడుతూ నిలబడుతుంది. మనిషి అలికిడికి అది లేచిపోతే ఈకలు రాని పిల్లలు నడినెత్తి ఎండకు మాడిపోతాయి, కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనంలోనే వన్య పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లకు భంగం కలిగించడం కూడా చేరి ఉన్నాయి. తుపాకీ లేకుండా కెమెరాతోనే వేటగాడు కావడానికి ఆ చట్టం ప్రకారం అవకాశం ఉందన్న సంగతి లెన్సు కొనేవారిలో ఎంతమందికి తెలుసో నాకు సందేహమే. పొడవైన లెన్సు అవసరం పక్షిని పెద్దదిగా చూపించడం కోసమే అయితే దాని ధర నాకు ఎక్కువనిపిస్తుంది. పక్షి మన ఉనికిని పట్టించుకోనంత దూరంలో మనల్ని నిలబెట్టడం కోసమైతే ఆ ఖర్చు సమంజసమే.

ఈ విషయంలో పత్రిక చేయగలిగింది చాలా ఉంది కనుక రెండు విన్నపాలు చేస్తున్నాను. పాఠకులు పంపే పక్షుల ఫోటోల కింద ఊరి పేరుతో పాటు లెన్సు ఎం.ఎం., సుమారు దూరం, ఫోటోను కత్తిరించారా లేదా అన్నది కూడా ముద్రించండి. ఆటపాకలో గూడబాతును 40 మీటర్ల నుంచి 400 ఎం.ఎం.తో తీశారని చదివిన కుర్రవాడు అప్పు చేసి 800 కొనడానికి పరుగెత్తడు. రెండోది, గూళ్లను, గుడ్లను, ఈకలు రాని పిల్లలను దగ్గర నుంచి తీసిన చిత్రాలు ఎంత బాగున్నా వేయకండి. అభయారణ్యం వారు ఏర్పాటు చేసిన మంచె మీద నుంచో, నిర్ణీత దారిలో వెళ్లే పడవ నుంచో తీసినవైతే ఆ మాట కింద రాసి వేయండి. లెన్సు, షట్టర్ వేగం వంటి వివరాలను కెమెరా ప్రతి ఫైలులోనూ తానే నమోదు చేస్తుంది కాబట్టి, అసలు ఫైలును పంపమని అడిగితే మీ సిబ్బందికి సరిచూసుకోవడం కష్టం కాదు. దూరం ఒక్కటే ఫోటో తీసినవారు రాసి పంపవలసి ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఏలూరు.