పన్ను పీకే ముందు కొలవమనండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విజయవాడ, గుంటూరు నగరాల్లో చిగుళ్ల జబ్బులకు వైద్యం చేసే దంతవైద్యులం నమస్కరించి రాస్తున్న లేఖ ఇది.

పళ్ళ ఓపీకి వచ్చే నలభై దాటిన మనిషి నోట తరచూ వినపడే మాట: "పన్ను కదులుతోందండీ, పీకేయండి." అడిగింది చేసి పంపడం తేలిక. ఒక మత్తు ఇంజక్షన్, కాసేపు పని, కొరికి పట్టుకోడానికి గాజ్ గుడ్డ ముక్క, మూడు రోజుల మాత్రలు. కానీ పన్ను కదిలినంత మాత్రాన అది పోయినట్టు కాదు. చిగురు వాచినా కదులుతుంది, నమిలేటప్పుడు ఒకే పంటి మీద బరువు పడుతున్నా కదులుతుంది. అందుకే ఒక్క నిబంధన అడుగుతున్నాం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చిగుళ్ల జబ్బు వల్ల పన్ను తీయాలనుకుంటే, ముందు దాని చుట్టూ కొలిచి ఆ అంకెలు ఓపీ చీటీ మీద రాయాలి.

కొలత పెద్ద విద్యేమీ కాదు. మిల్లీమీటరు గీతలున్న ప్రోబు అనే సన్నని పరికరాన్ని చిగురుకూ పంటికీ మధ్య సందులోకి దించుతారు. చెంప వైపు మూడు చోట్ల, నాలుక వైపు మూడు చోట్ల, పంటికి మొత్తం ఆరు. ఒత్తిడి 20 నుంచి 25 గ్రాములు మించకూడదు. అదెంతో తెలియాలంటే ప్రోబు కొనను బొటనవేలి గోరు మీద ఆనించి చూడాలి. గోరు కింది ఎరుపు కాస్త తెల్లబడితే చాలు. అంతకన్నా గట్టిగా నొక్కితే లేని లోతు చూపిస్తుంది. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. 4, ఆపైన ఉంటే పాకెట్ అంటాం. ప్రోబు తీశాక అరనిమిషంలో చిగురు అంచున రక్తపు చుక్క మెరిస్తే లోపల వాపు ఉన్నట్టు. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళలో ఈ రక్తం సరిగా కనపడదు. "నాకు చిగుళ్ళ నుంచి రక్తం రాదు" అని ధీమాగా చెప్పేవారి నోట్లోనే ఒక్కోసారి 7, 8 మిల్లీమీటర్ల పాకెట్లు బయటపడతాయి. కదలికను వేళ్ళతో చూడకూడదు, వేళ్ళు మెత్తన. రెండు పరికరాల పిడుల మధ్య పట్టి చూడాలి. పక్కకు ఒక మిల్లీమీటరు లోపు కదిలితే ఒకటో రకం, దాటితే రెండోది. పైనుంచి నొక్కితే కిందికి దిగిందంటే మూడోది. ఆపైన ఒక చిన్న ఎక్స్‌రే తీస్తే వేరు ఎంత మేర ఎముకలో ఉందో తెలిసిపోతుంది.

"ఓపీ రద్దీలో 28 పళ్ళకు 168 కొలతలెక్కడ కుదురుతాయి?" అని అంటారు. నిజమే. అందుకు కొన గుండ్రంగా ఉండే డబ్ల్యూహెచ్‌ఓ ప్రోబు ఉంది. నోటిని ఆరు భాగాలు చేసి, ఒక్కో భాగంలో అన్నిటికన్నా లోతైన చోటు ఒక్కటే రాస్తే సరిపోతుంది. అలవాటైన చేతికి రెండు మూడు నిమిషాల పని. తేడా ఉన్నవాళ్ళకే పూర్తి కొలత.

ఇక వైద్యం. పాచి గట్టిపడితే గార అవుతుంది. చిగురు పైన గార పసుపుగా, కింద నల్లగా వేరును కరుచుకుని ఉంటుంది. పైగార స్కేలర్ యంత్రంతో ఊడుతుంది. అక్కడితో ఆపేస్తే చిగురు పైకి బాగుపడి లోపల జబ్బు మిగిలే ఉంటుంది. రెండు శాతం లిగ్నోకైన్ మత్తు ఇచ్చి, పాకెట్ అడుగు దాకా క్యూరెట్లతో, అంటే గారను గీకే చేతి పరికరాలతో, వేరును శుభ్రం చేయాలి. పని చెడేది ఎక్కువగా ఇక్కడే, అదీ డాక్టరు తప్పు వల్ల కాదు. గ్రేసీ రకం క్యూరెట్లలో ముందు పళ్ళకు 5/6 నంబరుది, వెనక పళ్ళ చెంప, నాలుక వైపులకు 7/8, దవడ పళ్ళ ముందు వైపుకు 11/12, వెనక వైపుకు 13/14 వాడతాం. ఈ నాలుగూ ఉండాలి, నాలుగూ పదునుగా ఉండాలి. మొండి క్యూరెట్ గారను ఊడదీయదు, నున్నగా రుద్దుతుంది. అప్పుడది చేతికి తగలదు, అంతా పోయిందనుకుంటాం. స్కేలర్ యంత్రం కొన కూడా అంతే. ఒక మిల్లీమీటరు అరిగితే దాని సత్తా సుమారు పావు వంతు, రెండు అరిగితే సగం పోతుంది. కుర్చీలకూ యంత్రాలకూ టెండర్లు పిలుస్తారు. సానరాయి, కొత్త కొనలు, అరుగుదల చూసే కార్డు మాత్రం ఇండెంట్‌లో, అంటే తెప్పించాల్సిన సామాన్ల జాబితాలో, ఎవరికీ గుర్తుండవు. మొత్తం కుర్చీ ఖరీదులో అవెంతండీ?

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం మన జనంలో బలంగా ఉంది. అది ఊరికే పుట్టలేదు. వాపు తగ్గగానే చిగురు కిందికి జారుతుంది, పళ్ళ మధ్య సందులు తేలతాయి, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. అన్నాళ్ళూ సందుల్ని పూడ్చి ఉంచింది గార. ఇలా అవుతుందని ముందే చెప్పాలి. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు, సందులకు చిన్న బ్రష్షు రాసివ్వాలి. చెప్పకుండా పంపితే, బాగున్న పళ్ళు డాక్టరు పాడుచేశాడని వీధంతా చెప్పుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ కొలవాలి. అప్పటికీ 6 మిల్లీమీటర్లు, ఆపైన మిగిలిన చోట్లకే ఫ్లాప్ ఆపరేషన్, అంటే చిగురు తెరిచి శుభ్రం చేయడం, అవసరమవుతుంది. ఎముక పొడి నింపడం, గోడలున్న బావిలాంటి నిలువు గుంటల్లో ఫలిస్తుంది. ఎముక అంతా సమంగా అరిగిపోయిన చోట ఏం నింపినా తిరిగి లేవదు. లేజర్ అనే బోర్డు పెట్టినా సరే.

మెడికల్ షాపులో అమోక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కలిపి ఐదు రోజులు వాడితే వాపు దిగుతుంది. గార అక్కడే ఉంటుంది కాబట్టి వాపు తిరిగొస్తుంది. పైగా మెట్రోనిడజోల్ మీద మద్యం తాగకూడదు. రక్తం పలచబడే అసిట్రోమ్ వేసుకునేవారిలో ఈ మెట్రోనిడజోల్ రక్తస్రావాన్ని పెంచుతుంది.

పీకడానికి మేం వ్యతిరేకం కాదు. మూడో రకం కదలిక ఉండి, ఎముక వేరు కొన దాకా పోతే, లేదా వేరు నిలువునా చీలితే తీసేయడమే వైద్యం. ఉంచితే పక్క పంటి ఎముకనూ తింటుంది. పైపన్ను తీస్తే చూపు పోతుందని ఏళ్ళ తరబడి చీముతో తిరిగేవాళ్ళూ ఉన్నారు. కంటికీ దానికీ సంబంధం లేదు. తీసేటప్పుడు అడగాల్సినవి మాత్రం అడగాలి. గుండె కోసం, రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటుంటే వాటిని ఆపించి తీయడం ప్రమాదం. కుట్టు వేసి, ఒత్తి రక్తం ఆపుకోవచ్చు. అసిట్రోమ్ అయితే రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్షలో అంకె 4 లోపు ఉందో లేదో చూడాలి. క్యాన్సర్‌కు జోలెడ్రోనిక్ ఇంజక్షన్లు తీసుకున్నవారిలో పన్ను తీసిన చోట దవడ ఎముక కుళ్ళవచ్చు. తీశాక గాజ్ గుడ్డను అరగంట కొరికి పట్టాలి, ఉమ్మకూడదు, ఖైనీ, బీడీ ముట్టకూడదు. ఉప్పునీటి పుక్కిలింత 24 గంటల తర్వాతే. రక్తపు గడ్డ ఊడితే మూడో రోజుకు చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది.

ఈ నిబంధనను ముందు విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలలో, గుంటూరు జీజీహెచ్ పళ్ళ విభాగంలో ఆరు నెలలు నడిపి చూడండి. కళాశాలలో హౌస్ సర్జన్లు ఉన్నారు, కొలిచి రాయడం వాళ్ళకు చదువు కూడా. షుగర్ ఓపీకి వచ్చే ప్రతి ఒక్కరినీ పళ్ళ గదికి పంపించండి. చిగుళ్లకు వైద్యం జరిగిన మూడు నాలుగు నెలలకు మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం పాయింట్లు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. రెండో రాకను షుగర్ మాత్రలు తీసుకునే రోజుతోనే కలపండి. మాచర్ల నుంచి గుంటూరుకు, తిరువూరు నుంచి విజయవాడకు ఆడవాళ్ళకు స్త్రీశక్తి పథకం పుణ్యమా అని బస్సు టికెట్ ఖర్చు లేదు. మిర్చి యార్డు హమాలీకో ఆటోనగర్ మెకానిక్‌కో మాత్రం ఇంకో ఓపీ అంటే ఒక రోజు కూలి. నెలవారీ రిపోర్టులో తీసిన పళ్ళ అంకె పక్కనే, రెండోసారి కొలతకు ఎంతమంది తిరిగి వచ్చారో కూడా రాయించండి.

చీటీ నమూనా ఈ లేఖకు జతచేశాం. సగం కాగితం. ఆరు గళ్ళు, కదలికకు ఒకటి, వాడుతున్న మాత్రలకు ఒక వరుస, అడుగున పెద్ద అక్షరాల్లో "మళ్ళీ రావలసిన తేదీ".

ఇట్లు,
విజయవాడ, గుంటూరు నగరాల దంతవైద్యులు కొందరు