శీనూ, ఇసుకలోకి దిగే ముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

జిమ్నీ జీపు కొన్నావని మీ అక్క చెప్పింది. చాలా సంతోషం రా! సంక్రాంతి సెలవల్లో ఒక్కడివే దాన్ని పెన్న ఏటి ఇసుకలోకి దించుతావని కూడా చెప్పింది. నేను వద్దనను, నేనూ ఒక్కణ్ణే తిరుగుతాను కదా. కానీ ఫోన్లో చెబితే సగం కూడా వినవు, అందుకే రాస్తున్నా.

పెన్న ఇసుక సంగతి నీకు తెలీనిదేం కాదు. పైన పిండిలా ఉంటుంది, కాస్త తవ్వితే చెమ్మ తగులుతుంది. పోయిన ఎండాకాలం తాడిపత్రి దగ్గర నా థార్ జీపు దిగబడింది అలాంటి చోటే. ఇసుకలో తిరిగే బండి ఏదో ఒకరోజు దిగబడక మానదు, దానికి కంగారు పడకు. బండి ముందుకు కదలట్లేదని అనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్. మిగతావన్నీ ఆ తర్వాతే. చక్రం ఉత్తినే తిరిగిన కొద్దీ కింద ఇసుకను తోడేస్తుంది, బండి ఇంకా దిగుతుంది. చివరికి బరువంతా బండి పొట్ట మీద పడుతుంది, చక్రాలకు పట్టు ఉండదు. అప్పుడు నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ డ్రైవ్ ఉండీ ఏం లాభం?

దిగి, బోర్లా పడుకుని కిందికి చూడు. ఆ రోజు నేను చూస్తే వెనక యాక్సిల్ మధ్యలో గుండ్రంగా ఉంటుంది చూడు, ఆ డిఫరెన్షియల్ ముందు జానెడు ఎత్తున ఇసుక పేరుకుని ఉంది. పైపైన చక్రాల ముందు ఎంత తవ్వినా, అది అలాగే ఉంటే బండి కదలదు. పొట్టి పార పెట్టుకో, బండి కిందికి పొడుగు పార పట్టదు. చివరికి చేతుల్తోనే లాగాల్సి వచ్చింది, మోచేతులు గీసుకుపోయాయి.

తవ్వాక టైర్లలో గాలి తగ్గించు. మెత్తటి ఇసుకకి 15 నుంచి 18 పీఎస్ఐ దాకా దించొచ్చు. టైరు పొడుగునా పరుచుకుని నేలను ఎక్కువ మేర తొక్కుతుంది. మరీ దించితే మాత్రం మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. తర్వాత స్టీరింగ్ తిన్నగా పెట్టి, ‘4L’ గేరు (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగేది) వేసి, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి రా. ఆ జాడ అప్పటికే తొక్కి గట్టిపడి ఉంటుంది.

అప్పటికీ రాకపోతే జాకీ. కింద మందపాటి చెక్క వెయ్యకపోతే జాకీయే ఇసుకలోకి దిగిపోతుంది. చక్రం లేపి, గుంట పూడ్చి, ట్రాక్షన్ బోర్డు (చక్రానికి పట్టు దొరికే గరుకు పలక) దూర్చు. జాకీ మీదున్న బండి కిందికి మాత్రం దూరకు రా, ఒట్టు! బండి జారితే లాగడానికి పక్కన మనిషి ఉండడు.

వించ్ (బండికి బిగించి, తాడు చుట్టుకుంటూ లాగే మోటారు) కొంటానంటున్నావట. ఏట్లో కట్టడానికి చెట్టేదీ? స్టెప్నీని లోతుగా పాతి దానికి కట్టొచ్చు, కానీ అది ఒక్కడికి గంటల పని. ముందు పార, గాలి మీటరు, కంప్రెసర్, రెండు బోర్డులు కొను. ఎవరైనా ట్రాక్టరు తెచ్చి లాగుతామంటే తాడు బంపరుకీ, టో బాల్‌కీ (వెనక ట్రైలర్ తగిలించే గుండు) కట్టనివ్వకు. ఛాసిస్‌కున్న (బండి కింది ఇనుప చట్రానికున్న) హుక్కుకే కట్టాలి. ఊడొచ్చిన ఇనుప ముక్క ప్రాణం తీస్తుంది. తాడు మీద తడి గోనెసంచి వేసి అందరినీ దూరంగా నిలబెట్టు.

రాత్రి ఏట్లో పడుకోకు. ఇక్కడ చినుకు పడకపోయినా పైనుంచి నీళ్లొస్తాయి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు ఎంతమందిని పొట్టన పెట్టుకుందో మనం మర్చిపోలేదు కదా. తర్వాత బాపట్ల బీచ్‌కి కూడా వెళ్తానన్నావట, అక్కడ ఇసుకలోకి బండి దించకు. అది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఆ గుడ్ల మీదుగా టైరు పోతుందంటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఎన్నింటికి తిరిగొస్తావో అక్కకి చెప్పి వెళ్లు. నీళ్లు దండిగా పెట్టుకో, దిగబడితే ఎండలో నడిచి వెళ్లకుండా బండి నీడనే ఉండు. సిగ్నల్ దొరికితే 112కి కొట్టు. బయటపడ్డాక తారు రోడ్డెక్కే ముందు గాలి నింపు. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

కంప్రెసర్ కొనేదాకా నాది వాడుకో, ఆదివారం అక్క దగ్గర ఇచ్చి వస్తా.

నీ
రఘు