రక్తపింజర కాటు నుంచి నన్ను బయటపడేసిన అందరికీ కృతజ్ఞతలు

పదకొండు రోజుల తర్వాత ఈరోజు పొద్దున మా అబ్బాయి భుజం పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. కుడికాలి వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు, ఎక్కువసేపు నిలబడితే సలుపుతుంది. అయినా ఈ నాలుగు మాటలు ఇంక ఆలస్యం చేయకూడదని కూర్చుని రాస్తున్నాను.

మాది గుంటూరులో గోరంట్ల వైపు. ఇంటి వెనక చిన్న పెరడు, గోడ అవతల కంప పెరిగిన ఖాళీ స్థలం. నాలుగేళ్ళుగా ఆ పెరట్లోనే ఫోటోలు తీస్తున్నాను. ఉడుతలు, మందారం మీద వాలే తేనెపిట్టలు, అప్పుడప్పుడు గోడెక్కే ముంగిస. ఈమధ్య కరివేపాకు మొక్క మీద సీతాకోకచిలుక గొంగళిపురుగుల మీద పడ్డాను. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటాయి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి, తాకితే తల దగ్గర నుంచి చీలిన కొమ్ములాంటిది బయటికి పెట్టి ఘాటైన వాసన వదులుతాయి. ఆ కొమ్ము ఫోటో కోసమే ఆ రోజు సాయంత్రం ఆరింటికి అక్కడ ఉన్నాను, కాళ్ళకి హవాయి చెప్పులే.

పక్కనే ఎండిన కొబ్బరి మట్టల కుప్ప. దాని అంచున గోధుమరంగు ఒళ్ళు, మచ్చలు కనిపించాయి. కొండచిలువ పిల్ల అనుకున్నాను. మూడు ఫోటోలు తీశాను, తల సరిగ్గా రావడం లేదని ఒక అడుగు ముందుకు వేశాను. కుక్కర్ విజిల్ వేసే ముందు ఆవిరి తోసుకొచ్చినట్టు ఒకటే బుస, ఆ శబ్దం ఎక్కడిదో అర్థమయ్యేలోపే చీలమండ పైన నిప్పు పెట్టినట్టయింది. ఇప్పుడు ఆ ఫోటోలు పెద్దవి చేసి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తోంది. పింజరకి వీపు మీద గొలుసు పేర్చినట్టు వరసగా గుండ్రటి మచ్చలు, ఒక్కోదానికి నల్లటి అంచు. కొండచిలువకి మచ్చలు అడ్డదిడ్డంగా, అతుకులు వేసినట్టు ఉంటాయి. ఇది దయచేసి మీ ఇంట్లో పిల్లలకి కూడా చూపించండి.

మా ఆయన ఊళ్ళో లేరు. అత్తయ్య గారు నాగుల చవితికి పుట్టలో పాలు పోసి వారం కూడా కాలేదు, ఆవిడ ఏడుస్తూ మంత్రం వేయించుకుందాం పదమంటున్నారు, ఎవరో అప్పటికే తాడు తెచ్చి మోకాలి కింద బిగించబోతున్నారు. పక్కింటి బాబాయ్ గారు గోడ మీద నుంచే "కట్టొద్దు! కొయ్యొద్దు! అమ్మాయిని నడిపించొద్దు!" అని అరిచారు. ఆయన కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యారు. బాబాయ్ గారూ, ఆ రోజు మీరు ఇంట్లో లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు. కాలి మెట్టెలు, పట్టీలు తీయించి, మా అబ్బాయి పరీక్ష అట్ట పిక్క వెనక పెట్టించి, కాలు కదలకుండా కట్టించింది ఆయనే. మంత్రం దగ్గర ఒక గంట పోగొట్టుకుంటే ఆ గంట మళ్ళీ రాదని అత్తయ్య గారికి నచ్చజెప్పిందీ ఆయనే.

వీధి చివర ఆటో తమ్ముడు ఎక్కించుకున్న ప్యాసింజర్లను దింపేసి మరీ వచ్చాడు. నేరుగా పెద్దాసుపత్రికి.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు గారు నా కెమెరాలో ఫోటో చూసి పింజరేనన్నారు. పామును చంపి సంచిలో వేసుకుని రావాల్సిన పనే లేదట, మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. తర్వాత సిస్టర్ గారు కొంచెం రక్తం గాజు గొట్టంలోకి తీసి, ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోవద్దని పక్కన నిలబెట్టారు. ఆ ఇరవై నిమిషాలు నా కళ్ళన్నీ ఆ గొట్టం మీదే. వంచి చూస్తే రక్తం గడ్డకట్టలేదు, నీళ్ళలా జారిపోయింది, అంటే విషం రక్తంలోకి ఎక్కినట్టే. వెంటనే సెలైన్‌లో ఆ విరుగుడు మందు పది వయల్స్ (చిన్న సీసాలు) ఎక్కించారు. మధ్యలో ఒళ్ళంతా దద్దుర్లు, వణుకు. సిస్టర్ గారు మందు ఆపి, వేరే ఇంజెక్షన్ చేసి, నేను కుదుటపడ్డాక మళ్ళీ మొదలుపెట్టారు. ఆరు గంటల తర్వాత మళ్ళీ పరీక్ష, మళ్ళీ గడ్డకట్టలేదు, ఇంకో పది. తెల్లవారాక మూడోసారి గొట్టం వంచి "కట్టిందమ్మా" అన్నారు. ఆ మాట అంటూ ఆవిడ నవ్విన నవ్వు నేను మర్చిపోలేను. కిడ్నీల మీద పడుతుందేమోనని ఐదు రోజులు మూత్రం కొలిచి రాసుకున్నారు. మందుకి ఒక్క రూపాయి తీసుకోలేదు. డాక్టరు గారికి, సిస్టర్లకి, నన్ను స్ట్రెచర్ మీద తిప్పిన వార్డు బాయ్‌లకి చేతులెత్తి నమస్కారం.

నేను అక్కడ ఉండగానే ఇక్కడ కర్రలతో పామును కొట్టబోతే, పాములు పట్టే తమ్ముడు వచ్చి అందర్నీ వెనక్కి పంపి, దాన్ని సంచిలోకి ఎక్కించి అటవీశాఖ వాళ్ళకి అప్పజెప్పాడు. ఎలుకల కోసం వస్తుందక్కా, మట్టల్లో దాక్కుంటుంది అని చెప్పడమే కాదు, మా అబ్బాయితో కలిసి ఆ కుప్పంతా తీసి ఊడ్చేసి వెళ్ళాడు. దాన్ని బతికించినందుకు కూడా నీకు థ్యాంక్స్ తమ్ముడూ. దాని మీద నాకు కోపం లేదు, మీద మీదకి వెళ్ళింది నేను. ఇకపై పొడవాటి బూట్లు, చేతిలో టార్చి లేకుండా పెరట్లో అడుగు పెట్టను.

ఎదురింటి పిన్ని గారు రోజూ క్యారేజీ పంపారు. పిన్నీ, మీ చారన్నం వల్లే నోటికి రుచి తెలిసింది.

ఒక్కరికే ఇంకా థ్యాంక్స్ చెప్పలేకపోయాను. ఆటో తమ్ముడు డబ్బులు తీసుకోకుండా, నన్ను లోపలికి తీసుకెళ్ళగానే వెళ్ళిపోయాడు. పరీక్ష అట్టని కాలికి కట్టింది అతని తువ్వాలుతోనే, నీలం గళ్ళది, ఒక కొస చిరిగి ఉంది. ఉతికి మడతపెట్టి ఉంచాను. గోరంట్ల స్టాండులో ఎవరికైనా అతను తెలిస్తే, ఒకసారి మా ఇంటికి రమ్మని చెప్పండి.